ఎవరో విడిచిన మంచు బూట్లు

మా అక్క భర్త, అంటే మా బావ, తన యాభయ్యో పుట్టినరోజును కాశ్మీరులో, గుల్‌మర్గ్ మంచు కొండల మీద జరుపుకోవాలని నిశ్చయించాడు. కోయంబత్తూరు వాళ్ళకు చలి అంటే ఊటీ. మేట్టుపాళయంలో కొండ రైలు ఎక్కేటప్పుడే స్వెట్టరు తీసి తొడుక్కునే జనం మేము. అలాంటిది, కాళ్ళకు పలక బిగించుకుని మంచు మీద జారే ఆట ఆడబోతున్నామని బావ చెప్పినప్పుడు ఇంట్లో అందరూ నవ్వారు, అక్క తప్ప. ఆ ఆటను స్నోబోర్డింగ్ అంటారని అక్కకు ముందే తెలుసు. ఫోనులో చాలా కాలంగా చూస్తోందట. ఆ సంగతి నాకొక్కదానికే చెప్పింది.

"ఆ పలక మింద వంగి వంగి తిరుగుతారే, అది చూస్తా ఉంటే నా ఒళ్ళు బరువే మరిచిపోతాను పాపా."

అక్క నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. పొట్టి మనిషి, బరువైన మనిషి, వెడల్పు పాదాలు. షుగరు ఉంది. అంతకు ముందు ఏడాది కొత్త చెప్పు ఒరుసుకుని మడమ మీద పుండు లేస్తే, అది మానడానికి నెలలు పట్టింది. రోజూ కట్టు మార్చింది నేనే. ఆ పాదాలను చూస్తే నాకు భయం, ప్రేమ రెండూ ఒకేసారి కలుగుతాయి.

పాదాలు చూడటం నా బతుకుతెరువు కూడా. గాంధీపురం బస్టాండు దగ్గర నాన్న పెట్టిన చెప్పుల కొట్టును ఇప్పుడు నేను నడుపుతున్నాను. బావకు ఆ కొట్టంటే అసహ్యం. పీలమేడులో మోటారు పంపులు తయారుచేసే కంపెనీ ఆయనది. పెళ్ళిళ్ళలో నన్ను ఎవరికైనా పరిచయం చెయ్యాల్సి వస్తే "లెదర్ బిజినెస్" అంటాడు. నేను వడ్డించబోతే ముందు నా చేతుల వంక చూస్తాడు, ఊళ్ళోవాళ్ళ కాళ్ళు పట్టుకునే చేతులు కదా అన్నట్టు. ఆ చూపుకు అలవాటు పడ్డానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను.

ఒక ఆదివారం ఉదయం బావ నన్ను ఇంటికి పిలిపించాడు. హాలు మధ్యలో పెద్ద పెద్ద అట్టపెట్టెలు ఉన్నాయి.

"ఢిల్లీ నుంచి తెప్పించినా. అంతా ఫారిన్ సరుకు. పలక, బూట్లు, హెల్మెట్టు, అందరికీ సెట్లు సెట్లుగా వచ్చేసినాయి," అంటూ కత్తితో టేపు కోసి ఒక పెట్టె మూత ఎత్తాడు.

ముందు వాసన వచ్చింది. వానాకాలంలో ఆరని మేజోళ్ళ వాసన, మూలన ఎలుక చచ్చిన వాసన, వాటి మీద ఎవరో కొట్టిన చవక సెంటు వాసన. సెంటు ఆ కంపును కప్పలేదు, దానికి ఒక తీపి చేర్చింది. నేను చెప్పుల కొట్టులో పెరిగినదాన్ని. చెమట కాళ్ళు, పగిలిన మడమలు, వాన నీళ్ళలో నానిన బూట్లు నా ముందే విప్పే మనుషులు నాకు కొత్త కాదు. పొద్దంతా పని చేసి వచ్చిన మనిషి కాలి వాసనకు నేనెప్పుడూ ముక్కు మూసుకోలేదు. ఇది అలాంటిది కాదు. కుళ్ళిపోయినదాన్ని కొత్తదని నమ్మించడానికి పడిన పాట్లు ఆ వాసనలో ఉన్నాయి.

స్నోబోర్డు బూటులో, పైన గట్టి బూటు, దాని లోపల మెత్తటి దూదిబూటులాంటిది ఇంకొకటి ఉంటాయి. అక్కకని తీసిన బూటులో చెయ్యి పెట్టాను. లోపల చెమ్మగా, జిడ్డుగా తగిలింది. లోపలిదాన్ని పట్టి లాగితే అడుగంతా నల్లటి బూజు. తలకిందులు చేసి తట్టాను. వేళ్ళ దగ్గర నుంచి ఒక పాత ప్లాస్టరు రాలి నేల మీద పడింది, ఎవరిదో ఎండిన నెత్తురు మరకతో.

నేను వాష్‌బేసిన్ దగ్గరికి పరుగెత్తి, తాగిన కాఫీ కక్కేశాను.

తిరిగి వచ్చేసరికి బావ ఆ ప్లాస్టరును చెప్పు కొనతో సోఫా కిందికి తోస్తున్నాడు.

"చీ, ఏమి బావా ఇది? ఎవురో తొడిగి తొడిగి పారేసినవి కదా!"

"ఫారినోళ్ళు ఒక సీజను వాడి ఇచ్చేస్తారు మా. సుమ్మా గలాటా చెయ్యొద్దు. రెండు దినాలు ఎండలో పెడితే నాత్తం పోతాది."

"నాత్తం పోతాది సరే, లోపలి బూజు పోతాదా? అక్కకు షుగరు ఉండాది. పోయిన ఏడు పుండు ఎన్ని నెలలు ఉండిందో మీకు తెలుసు కదా?"

ఆయన ఇంకో పెట్టె టేపు కోయసాగాడు. అక్క మాత్రం సోఫా అంచున కూర్చుని, "పోనీలే పాపా, డెట్టాలు వేసి కడిగి తొడుక్కుంటాను," అంటూ ఆ బూటు వైపు కాలు చాచింది. నేను వంగి ఆమె చీలమండ పట్టుకున్నాను.

"పెట్టొద్దక్కా. ఈ అసింగంలో కాలు పెట్టొద్దు."

బావ ఆ పెట్టెలోంచి ఒక బోర్డు తీసి అక్క పక్కన నిలబెట్టాడు. దాని మీద పళ్ళు ఇకిలించే ఎలుగుబంటి బొమ్మ. అది పిల్లల బోర్డు అని బొమ్మ చూస్తేనే తెలుస్తోంది.

"చూడు, సరిగ్గా గడ్డానికి వచ్చింది. గడ్డం వరకు వస్తే అదే అలవు. వీడియోలో చూసినా," అన్నాడు. ఆయన అలవు అన్నది కొలతను.

"ఇది పిల్లలది బావా."

"మీ అక్క నిలువులో పిల్లే కదా? అడ్డంలో కొలిస్తే రెండు పలకలు కావాల!"

తన మాటకు తానే పగలబడి నవ్వాడు. అక్క కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. కొట్టులో చెప్పు పట్టకపోతే "నా కాలే పెద్దది, మీ చెప్పుది తప్పు కాదు" అని ఆడవాళ్ళు నవ్వే నవ్వు అది. బూజు చూసినప్పటికంటే ఆ నవ్వు విన్నప్పుడు నాకు ఎక్కువ రోత పుట్టింది. అక్క మీద కాదు. అలా నవ్వడం ఆమెకు అలవాటు చేసిన ఇంటి మీద.

చివరి పెట్టె మూత ఎత్తబోతే బావ దాని మీద కాలు పెట్టాడు. "అది నాది."

ఆయన తియ్యనివ్వకపోయినా, పక్క సందులోంచి లోపలిది కనబడింది. కొత్త బూట్లు. ముందు భాగంలో కుక్కిన తెల్ల కాగితం కూడా ఇంకా తియ్యలేదు. బోర్డు మీద ప్లాస్టిక్ పొర అలాగే మెరుస్తోంది.

"మీకు కొత్తవి, అక్కకు ఇవా?"

"సీరియస్‌గా ఆడేది నేను ఒక్కణ్ణే కదమ్మా. మీరు ఫోటో తీసుకొని దిగేసేవాళ్ళు. దానికి కొత్తవి ఏల?" అన్నాడు. అందులో తప్పేముందో ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. తర్వాత, అదేదో ఔదార్యమన్నట్టు, "మీకు వొద్దంటే వొదిలెయ్యండి. ఫ్యాక్టరీ వాచ్‌మనుకు ఇచ్చేస్తా, చలికి వేసుకుంటాడు," అని చేర్చాడు.

వాచ్‌మనుకు కాళ్ళు ఉండవా, వాటికి పుండ్లు పడవా? ఆ బూట్లన్నీ ఒక గోనెసంచిలో వేసి ఆటోలో కొట్టుకు తెచ్చాను. తోలు కోసే కత్తెరతో ఒక్కొక్క దాని నాలుక కోసి, అడుగు చీల్చి, మళ్ళీ ఏ మనిషీ తొడుక్కోలేనట్టు చేసి చెత్త బండిలో పడేశాను. చేతులు సబ్బుతో ఎంత కడిగినా ఆ తీపి కంపు సాయంత్రం దాకా వేళ్ళ సందున అంటుకునే ఉంది.

ఆ రోజు నుంచి అక్క సరంజామా నా బాధ్యత అయింది. నాకు కాళ్ళ గురించి తెలుసు గాని మంచు గురించి ఏమీ తెలియదు. మొదట నేనూ బావలాగే అక్క ఎత్తు చూసి బోర్డు వెదికాను. తయారీదార్లు ఇచ్చే కొలతల పట్టికలు చదివాక గాని నా పొరపాటు తెలియలేదు. వాళ్ళు ముందు అడిగేది బరువు, ఎత్తు తర్వాతి మాట. మంచు మీద బోర్డు మోసేది మనిషి బరువునే కదా. బరువుకు తగినంత పొడవు లేకపోతే అది మెత్తని మంచులో దిగబడుతుంది, వేగంలో వణుకుతుంది. మరీ పొడవైతే కొత్తవాళ్ళ మాట వినదు. పెద్దవాళ్ళు మొదటిసారి నేర్చుకునేటప్పుడు, తమ బరువుకు చెప్పిన కొలతల్లో కాస్త పొట్టిది, సులువుగా వంగేది తీసుకోవాలి. గడ్డం దాకా అన్న లెక్క, ఒడ్డూ పొడుగూ అందరికీ ఒకేలా ఉండే లోకానికి పనికొస్తుంది.

కాబట్టి అక్క బరువు నాకు కావాలి. అడిగితే, పదేళ్ళ క్రితం డాక్టరు చెప్పిన అంకె చెప్పింది.

"అక్కా, నిజం చెప్పు. నువ్వు అబద్ధం చెప్తే పలక నిన్ను మొయ్యదు."

వీధి వైపు ఒకసారి చూసి, "కొట్టు షట్టరు దించు," అంది. దించాను. సరుకు తూచే మిషను మీద ఎక్కి, అంకె కనబడగానే కళ్ళు మూసుకుంది. నేను చూశాను. అది ఒక మనిషి బరువు, అంతే. దాన్ని ఇంత దాచుకోవలసిన సిగ్గుగా మార్చినవాళ్ళు గుర్తొచ్చి నాకు మళ్ళీ రోత కలిగింది.

ఆ షట్టరు వెనకే ఏ కాలు ముందు పెట్టాలో కూడా తేల్చుకున్నాం. అక్కను నిటారుగా నిలబెట్టి, చెప్పకుండా వీపు మీద మెల్లిగా తోశాను. పడకుండా ఆపుకోవడానికి కుడి కాలు ముందుకు వేసింది. మళ్ళీ తోస్తే మళ్ళీ కుడి కాలే. బోర్డు మీద కుడి కాలు ముందు ఉండాలి, బూట్లను పట్టి ఉంచే బిగింపులు అలా అమర్చాలి అని చెప్పాను. "నన్ను తోసేదానికి నీకు ఇంత సంతోషమా!" అని అక్క నవ్వింది. అది వేరే నవ్వు.

జాకెట్టు, ప్యాంటు కోసం ఊరి చివరి పెద్ద క్రీడా సామాను కొట్టుకు వెళ్ళాం. అక్కడి సేల్స్‌మన్ అక్కను పైనుంచి కిందికి చూసి, తమిళంలో నాతో "మేడమ్‌కు లేడీస్‌లో రాదు, షాల్ తీసుకోమనండి" అన్నాడు. అక్క ఎదురుగానే ఉంది. ఆమెకు చెవులు లేవన్నట్టు చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా నేను కొలతలు అమ్ముతున్నాను. కాలికి పట్టే చెప్పు లేకపోతే అది నా కొట్టులోని లోటు అని చెప్పాలని నాన్న నేర్పాడు. అతనితో మాట్లాడకుండా మగవాళ్ళ అరలోకి వెళ్ళి, నీళ్ళు ఇంకని జాకెట్టు, ప్యాంటు, లోపల వేసుకునే పలుచటి ఉన్ని బట్టలు, మణికట్లకు కాపు, తల ఊపితే కదలని హెల్మెట్టు ఏరుకున్నాం. నూలు మేజోళ్ళు వద్దని పక్కన పెట్టేశాను. అవి చెమట పీల్చి కాలిని గడ్డకట్టిస్తాయి. ఒక్క జత పలుచటి ఉన్ని మేజోళ్ళు చాలు.

బూట్లు మాత్రం వెడల్పు పాదాలకని చేసిన కొత్తవి తెప్పించాను. కాళ్ళు కాస్త ఉబ్బే సాయంత్రం పూట తొడిగి చూశాను. నిలబడితే వేళ్ళ చివర్లు ముందు గోడకు తగిలీ తగలనట్టు ఉండాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరగాలి, మడమ మాత్రం లేవకూడదు. అవి కాలికి అలవాటు పడాలని అక్క వాటితోనే ఫ్యాను కింద కూర్చుని సీరియల్ చూసేది. డాక్టరు పాదాలు పరీక్షించి, గంటకోసారి బూటు విప్పి చూసుకోవాలన్న షరతు మీద ఒప్పుకున్నాడు.

బావ తన కొత్త బూట్లు తొడుక్కుని హాలులో తిరుగుతుంటే, అడుగడుగునా మడమ లేవడం చూశాను. "ఒక సైజు పెద్దవి బావా. మార్చుకోండి," అన్నాను.

"రెండు జతల సాక్సు వేస్తే సరిపోతాది. చెప్పుల కొట్టు తెలివి ఇక్కడ వొద్దు," అన్నాడు.

గుల్‌మర్గ్‌లో సామాను అద్దెకిచ్చే గదిలో కూడా అదే తడి కంపు. అక్క బూట్లు మా వెంటే ఉన్నాయి కాబట్టి బోర్డు మాత్రమే అడిగాము. అంచులు తుప్పు పట్టినదాన్ని తిరిగి ఇచ్చేసి, పదును బాగున్నది తీసుకున్నాం. అక్క బూటును దాని మీద పెట్టి, మునివేళ్ళూ మడమా అంచు దాటి మరీ బయటికి రాకుండా చూసుకున్నాను. బిగింపుల పట్టీలు బూటుకు సరిపోయాయో లేదో అక్కే లాగి చూసుకుంది. తన బరువు తానే పైకి చెప్పింది. అద్దెకిచ్చే అతను తల ఊపి ఊరుకున్నాడు.

బావ బోర్డు ఆయన గడ్డానికి సరిగ్గా వచ్చేదే. పొడుగ్గా, సన్నగా ఉండే మనిషికి అది బరువును మించిన పొడవు, పైగా వంగని గట్టిది, ఆరితేరినవాళ్ళ కోసం చేసినది. పాదాలు పెద్దవి, బోర్డు నడుము సన్నం. వేళ్ళ వైపు వంగితే చాలు, బయటికి పొడుచుకొచ్చిన బూటు ముక్కు మంచులో గుచ్చుకునేది, ముఖం మీద పడేవాడు. పడ్డ ప్రతిసారీ, మాకు నేర్పడానికి కుదుర్చుకున్న అతన్ని తిట్టాడు. "నీకు నేర్పేది రాదు, దండగ" అని ఇంగ్లీషులో అరిచి, అతని బూట్ల దగ్గర ఉమ్మేశాడు. తెల్లటి మంచు మీద ఆ ఉమ్ము చూసి నేను ముఖం తిప్పుకున్నాను. అతను వంగి బావ బిగింపులు విప్పి, పక్కకు తప్పుకున్నాడు. ఆ తర్వాత అతను అక్క దగ్గరికి వచ్చాడు.

అక్క చాలాసార్లు పడింది. ఒకసారి కూర్చుండిపోయి లేవలేక, నేను పట్టుకుని లాగితే ఇద్దరం పడ్డాం. గంటకోసారి రాతిబండ మీద కూర్చుని బూటు విప్పితే, నేను వేళ్ళు, మడమ, ఆ పాత మచ్చ చూసి ఊపిరి పీల్చుకునేదాన్ని. ఎరుపు కూడా లేదు. రెండో రోజు మధ్యాహ్నం, వాలు అంతగా లేని చోట, ఎవరూ పట్టుకోకుండా లేచి నిలబడింది. కుడి కాలు ముందు, మోకాళ్ళు వంగి. కదిలింది. నీలం ప్యాంటులో ఆ పొట్టి, బరువైన మనిషి మెల్లిగా వంపు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగి, కింద తాడు కట్టిన చోట ఆగింది. ఆగి వెనక్కి తిరిగి నా కోసం చూసింది. నేను ఏడుస్తున్నాను.

బావ అప్పటికే హోటలు గదికి వెళ్ళిపోయాడు. సాయంత్రం మేము వెళ్ళేసరికి మంచం మీద పడుకుని ఉన్నాడు. నన్ను చూడగానే రెండు కాళ్ళూ నా వైపు చాచాడు. వదులు బూట్లలో ముందుకూ వెనక్కూ జారి, బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడి, మడమల తోలు లేచిపోయి ఉంది. తడిసిన రెండు జతల మేజోళ్ళు పరుపు మీదే పడి ఉన్నాయి.

"చూడమ్మా, నీ పని కదా ఇది. ఏమన్నా మందు వెయ్యి."

నేను ఎందరో అన్యుల పాదాలను ఒళ్ళో పెట్టుకున్నాను. ఏ పాదమూ నాకు అసహ్యం కాలేదు. ఇప్పుడు ఆ పుండ్లు కాదు నాకు వెగటు పుట్టించింది, ఆ చాచిన తీరు. నిన్న ఒక మనిషి కాళ్ళ దగ్గర ఉమ్మినవాడు, ఇవాళ ఇంకో మనిషి ముందు తన కాళ్ళు పెట్టి, అది ఆమె పని అంటున్నాడు.

"కింద మందుల కొట్టు ఉండాది బావా. సోపుతో కడుక్కొని, ఆయింట్‌మెంటు మీరే పూసుకోండి," అని బయటికి వచ్చేశాను. ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన పని చెయ్యనన్నది అదే మొదటిసారి. తర్వాత ఆకలి వేసింది.

ఊరికి తిరిగొచ్చాక ఏమీ మారలేదనే చెప్పాలి. అక్క ఆ ఇంట్లోనే ఉంది, ఆయన కంపెనీ నడుస్తోంది. నాకు ఆ వెగటు కూడా పోలేదు, ఆయన మెట్లెక్కే చప్పుడు వింటే ఇప్పటికీ వస్తుంది. కానీ ఈ మధ్య పీలమేడులో బంధువుల గృహప్రవేశంలో పంక్తిలో కూర్చున్నప్పుడు, బావ అందరికీ వినబడేలా గుల్‌మర్గ్ సంగతి మొదలుపెట్టాడు. పలక ఎట్లా ఎంచుకోవాలో, మంచు మీద ఎట్లా నిలబడాలో తానే భార్యకు దగ్గరుండి నేర్పానని చెప్పాడు. అందరూ తలలు ఊపారు.

అక్క తన విస్తట్లో అప్పడం విరుస్తూ, తల ఎత్తకుండానే అంది. "మీరు యాడ నేర్పిస్తిరి? మీరు ఆ దినం రూములో పండుకొని ఉండారు. నేనే నిలబడితిని."

ఎవరో ముసలావిడ కిసుక్కున నవ్వింది. బావ మంచినీళ్ళు అడిగాడు. అక్క అప్పడం తినేసి, వడ్డించే అమ్మాయిని పిలిచి ఇంకొకటి వెయ్యమంది.